ముడి వేసి లేచే పని

మగ్గం పని చేసిన జాకెట్టు చేతికొస్తే చాలామంది అద్దం ముందుకి వెళ్తారు. పని తెలిసినవాళ్ళు ముందు దాన్ని తిరగేస్తారు. లైనింగు వేయకముందైతే మరీ మంచిది. పైన ఎంత మెరుపున్నా లోగుట్టు తెలిసేది లోపలి వైపే. కంప్యూటర్ వర్క్ అయితే వెనక తెల్ల కాగితం అంటుకుని ఉంటుంది. పైదారం ఒకటి, బాబిన్ దారం ఇంకొకటి, రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని కనిపిస్తాయి. చేత్తో చేసిందానికి ఒక్కటే దారం. పైన గొలుసుకుట్టుగా కనబడ్డది వెనక్కి వచ్చేసరికి సన్నటి గీత అయిపోతుంది. ఆ గీత ఒకే తీరున సాగిందా, మలుపు దగ్గర గుడ్డని ముడుచుకుపోయేలా లాగేసిందా, పువ్వు నుంచి పువ్వుకి దారం తెంపకుండా ఈడ్చుకెళ్ళారా, చివర ముడి పడిందా... వేసుకునే మనిషి ఇవేవీ చూడదు. లైనింగు పడ్డాక ఎవరూ చూడరు.

నా చేతికొచ్చిన జాకెట్టు నరసరావుపేటలో చేసింది. రాణీ రంగు పట్టు మీద బంగారు జరీ. వెనక ప్రతి పువ్వుకీ దారం విడిగా మొదలై, విడిగా ముగిసింది. పక్కనే అరంగుళం దూరంలో ఇంకో పువ్వున్నా దారాన్ని అడ్డంగా లాగలేదు. అట్లా లాగితే పని తొందరగా తెమిలేది. కాకపోతే చెయ్యి దూర్చేటప్పుడు ఆ దారం గాజుకో ఉంగరానికో తగులుకునేది. ఎవరికీ కనిపించని ఆ చోట ఇంత ఓపిక చూపించిన చేతిని మెచ్చుకోవడానికే ఈ వ్యాసం. ఆ చేతి వెనక ఇంకో తెలివి కూడా ఉంది. ఎప్పుడు కూర్చోవాలో, ఎప్పుడు లేచి వెళ్ళిపోవచ్చో తెలిసిన తెలివి అది.

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి, నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. పల్నాడు పనితనం అనగానే అందరికీ రాయే గుర్తొస్తుంది. నాగార్జునకొండ పలకలు, దుర్గి శిల్పులు, పిడుగురాళ్ళ సున్నం, అన్నీ రాతికి సంబంధించినవే. సూది సంగతి ఎవరూ ఎత్తరు. అరండల్‌పేట, బరంపేట, ప్రకాష్‌నగర్, రామిరెడ్డిపేట సందుల్లో నడిస్తే మాత్రం గేటుకి కట్టిన చిన్న ఫ్లెక్సీలు అక్కడక్కడా కనిపిస్తాయి: ‘ఇచ్చట మగ్గం వర్క్ చేయబడును’. మాచర్లలోనూ గురజాలలోనూ ఇదే వరస. లోపలికెళ్తే ముందుగదిలో కిటికీ వారగా మగ్గం ఉంటుంది. నేతమగ్గం కాదు, గుడ్డని బిగించే కర్రల చట్రం. దాని పక్కనే పొయ్యి మీద కూర, మంచం మీద పిల్లల పుస్తకాలు, గోడకి కాశీలోనో అరుణాచలంలోనో దిగిన ఫోటో. ఆ ఫోటోకీ ఈ మగ్గానికీ ఉన్న లంకె చెప్పాలంటే ముందు పని గురించి చెప్పాలి.

పనిలో మొదటి మెట్టు బిగువు. రెండు పొడుగు కర్రలకి మందపాటి గుడ్డపట్టీలు కొట్టి ఉంటాయి. జాకెట్టు ముక్కని ఆ పట్టీలకి చుట్టూ కుట్టేసి, అడ్డకర్రల చిల్లుల్లో మేకులు దిగేసి లాగుతారు. పక్క అంచుల్ని దారంతో కర్రకి అల్లి కడతారు. వేలితో కొడితే డప్పులా పలకాలి. బిగువు తగ్గితే సూది దిగేటప్పుడు గుడ్డ కిందికి సాగి కుట్టు వదులవుతుంది, మగ్గం మీంచి తీశాక పువ్వు ముడుచుకుపోతుంది. బిగువు ఎక్కువైతే పట్టు నేత విచ్చుకుని గీతలు పడుతుంది. నాలుగు వైపులా ఒకే బిగువు తేవడం పుస్తకం చదివితే రాదు. నేర్చుకోవడానికొచ్చిన పిల్లల చేత కొన్నాళ్ళపాటు ఈ ఒక్క పనే చేయించే ఇళ్ళున్నాయి.

తర్వాత అచ్చు. ట్రేసింగ్ పేపరు మీద గీసిన డిజైన్ని గీత వెంబడి సూదితో గుచ్చుకుంటూ పోతారు. ఆ కాగితాన్ని గుడ్డ మీద పరిచి, తెల్ల పొడిని కిరోసిన్‌లో కలిపి దూదితో అద్దుతారు. చిల్లుల్లోంచి చుక్కలు గుడ్డ మీదికి దిగుతాయి. కిరోసిన్ ఆరిపోతుంది, చుక్కలు మిగులుతాయి. లేతరంగు గుడ్డయితే నీలం పొడి వాడతారు. ఒక చేతికి అద్దిన కాగితాన్నే తిరగేసి రెండో చేతికి అద్దితే ఎడమా కుడీ ఎదురెదురుగా సరిపోతాయి. తిరగేయడం మరిచిపోతే నెమళ్ళు రెండూ ఒకే దిక్కు చూస్తాయి.

ఈ అచ్చు వేసేటప్పుడే పనిమంతురాలు తన లెక్కలన్నీ తేల్చుకుంటుంది. కుట్టుకి పోయే అంచులో పూస పెట్టదు. పెడితే మిషను సూది విరుగుతుంది. చంక కింద ఏమీ ఉండదు, అక్కడ గుచ్చుకుంటుంది. మోచేయి మడిచే చోట బరువు తగ్గిస్తుంది. పమిట కప్పేసే ఎడమ భుజం ముందువైపు తేలిక పనితో సరిపెట్టి, ఆ డబ్బూ ఆ గంటలూ చేతుల మీదికి మళ్ళిస్తుంది. పెళ్ళికూతురి జాకెట్టయితే వెనక మెడ మధ్యలో పూలజడ పడుతుంది కనక అసలు పనంతా జడకి రెండు పక్కలా పరుచుకునేలా గీస్తుంది. జాకెట్టుని టేబుల్ మీద పరిచి చూసేవాళ్ళకి ఈ ఏర్పాటు అంతుపట్టదు. మనిషి వేసుకుని, కూర్చుని, చెయ్యెత్తి అక్షింతలు వేసినప్పుడు తెలుస్తుంది.

ఇక సూది. దాన్ని ఆరి సూది అంటారు, మగ్గం సూది అన్నా అర్థమవుతుంది. చెక్క పిడి, సన్నటి ములుకు, కొసకి కాస్త పైన చిన్న కొక్కెం. కచ్ ప్రాంతంలో చెప్పులు కుట్టే మోచీల ఆరె నుంచి ఇది గుడ్డ మీదికొచ్చింది. కచ్ సంస్థానంలో మోచీల ఎంబ్రాయిడరీకి పెద్ద పేరు. పద్దెనిమిదో శతాబ్దంలో ఈ తరహా కుట్టు తూర్పు దేశాల నుంచి యూరప్ చేరింది. ఫ్రాన్సులో గుండ్రటి చట్రం మీద గుడ్డ బిగించి కుట్టేవారు. తర్వాత లూనెవిల్ ఊళ్ళో పూసల్ని ముందే దారానికి ఎక్కించుకుని, గుడ్డ తిరగేసి వెనక వైపు నుంచి కుట్టే పద్ధతి స్థిరపడింది. పారిస్ ఫ్యాషన్ ఇళ్ళల్లో ఇప్పటికీ ఆ కొక్కెమే ఆడుతోంది. మనవాళ్ళు పైనుంచే కుడతారు. నాలుగైదు పూసల్ని సూదికే ఎక్కించుకుని, సూదిని గుడ్డలోకి దించి, కింద దారాన్ని అందుకుని, పైకి లాగేటప్పుడు ఒక్క పూసని మాత్రం జారవిడుస్తారు. మిగతావి సూది మీదే ఆగుతాయి. పక్కన నిలబడి ఎంతసేపు చూసినా ఆ ఒక్కటే ఎట్లా జారిందో పట్టుకోవడం కష్టం.

కుడిచేతి పని కళ్ళకి కనిపిస్తుంది కాబట్టి మెచ్చుకోళ్ళన్నీ దానికే దక్కుతాయి. నా ఓటు ఎడమచేతికి. అది గుడ్డ కింద చీకట్లో ఉంటుంది. సూది కొస ఎక్కడ దిగుతుందో చూడకుండానే తెలుసుకుని, దారాన్ని కొక్కేనికి చుట్టి అందిస్తుంది. పైన కుడిచెయ్యి సూదిని కాస్త తిప్పి, ఉచ్చుని పైకి లాగి, ఆ ఉచ్చు లోపలే మళ్ళీ గుచ్చుతుంది. గుచ్చు, చుట్టు, తిప్పు, లాగు. కుట్టు పొడుగు ఒకేలా ఉండటం కుడిచేతి పుణ్యం, కుట్టు బిగువు ఒకేలా ఉండటం ఎడమచేతి పుణ్యం. నేను తిరగేసి చూసిన జాకెట్టులో మెడ చుట్టూ మూడు వరసల జరీ గొలుసు ఉంది. వంపు తిరిగే చోట లోపలి వరసలో కుట్లు కొంచెం పొట్టి, బయటి వరసలో కొంచెం పొడుగు. అందుకే మూడు వరసలూ ఒకదానికొకటి ఎడం మారకుండా తిరిగాయి. ఇది ఎవరో చెబితే చేసింది కాదు, చేతికి పట్టుబడ్డ లెక్క.

జర్దోసీ దగ్గర ఆరి సూది పక్కకి తప్పుకుంటుంది. జర్దోసీ అంటే సన్నటి తీగని చుట్టిన స్ప్రింగు, లోపల బోలు. దాన్ని చిన్న కత్తెరతో ముక్కలు చేసి, మామూలు సన్నసూదితో పూసల్లా గుచ్చి కుట్టాలి. ఆకు మొదట్లో పొట్టి ముక్క, మధ్యలో పొడుగు, కొసకి మళ్ళీ పొట్టి. ముక్క ఒక వెంట్రుకంత పొడుగైనా మధ్యలో ఉబ్బుతుంది, పొట్టిదైతే కింద దారం బయటపడుతుంది. కొలిచి కోయరు, చూసి కోస్తారు. ఆ తర్వాత కట్ దానా, చమ్కీలు, ముడికుట్లు, సిల్కుదారంతో నింపడం, ‘లోడింగ్’ అని పిలిచే ఉబ్బెత్తు పని. కుందన్లని జిగురుతో అంటించి వదిలేసేవాళ్ళున్నారు. నాలుగుసార్లు వేసుకుంటే అవి రాలిపోతాయి. కుందన్ చుట్టూ పూసలతోనో జర్దోసీతోనో కట్టు కట్టినదే నిలుస్తుంది. కొనేవాళ్ళు జిగురు కుందన్ని గోటితో ఒకసారి తట్టి చూస్తే చాలు.

పట్టు తప్పుని క్షమించదు. నూలు గుడ్డ మీద కుట్టు విప్పేస్తే నేత మళ్ళీ సర్దుకుంటుంది. పట్టు మీద సూది దిగిన ప్రతి చోటా చిల్లు మిగులుతుంది. కాబట్టి పట్టు జాకెట్టు మీద గీత తప్పితే రెండే దార్లు. ఆ తప్పు మీదుగా ఇంకో ఆకు మొలిపించాలి, లేదంటే గుడ్డ కొనివ్వాలి. ఆకు మొలిపించడం వచ్చినవాళ్ళే ఈ పనిలో నాలుగు కాలాలపాటు నిలబడతారు.

ఇప్పుడు ముడి సంగతి. గొలుసుకుట్టుకి ఒక గుణం ఉంది. చివర ముడి వేయకుండా వదిలేస్తే, కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే మొత్తం వరసంతా జరజరా ఊడొస్తుంది. పొద్దుటినుంచి చేసింది క్షణంలో మాయం. ముడి పడిందంటే మాత్రం అక్కడికి ఆ పని పూర్తయినట్టే. ఆ పువ్వుని నెలరోజులు వదిలేసినా ఏమీ కాదు. కాబట్టి తెలివైన మనిషి డిజైన్ని ముక్కలుగా గీసుకుంటుంది. ఈ ఆకు, ముడి. ఈ పువ్వు, ముడి. ఈ బుటీ, ముడి. కుక్కర్ ఈల వేసినా, బడి బస్సు వచ్చినా, అత్తగారు పిలిచినా ముడి వేసి లేవొచ్చు. తిరిగొచ్చి కూర్చున్నప్పుడు ఎక్కడ ఆపానా అని వెతుక్కోనక్కర్లేదు. జాకెట్టు వెనక ప్రతి పువ్వుకీ దారం విడిగా మొదలై విడిగా ముగిసింది అన్నాను చూడండి, అందులో గాజుకి తగలకూడదన్న జాగ్రత్త ఎంతుందో, పని ఎప్పుడైనా ఆపగలిగే వీలు కూడా అంతే ఉంది.

ఇంటి దగ్గర ఉండి సంపాదించే పని అనేసరికి జనం ‘ఖాళీ టైములో చేసుకునేది’ అంటారు. ఖాళీ టైము అనేది ఆడమనిషికి ఎవరూ తెచ్చివ్వరు. పని స్వభావంలోంచి ఆమే దాన్ని తయారుచేసుకోవాలి. మగ్గం పనిలో ఆ సదుపాయం ముడి రూపంలో ఉంది.

రోజులో వెసులుబాటు ముడి ఇస్తే, ఏడాదిలో వెసులుబాటు పంచాంగం ఇస్తుంది. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు. భాద్రపదంలో ఉండవు. పుష్యంలో ఉండవు. మధ్యలో గురుమూఢమో శుక్రమూఢమో పడితే ఇంకొన్ని వారాలు ఖాళీ. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి జాకెట్ల వరద మొదలవుతుంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం ఊపిరి సలపవు. ఊరంతా మంచి రోజులు చూసుకుంటే మగ్గం మనిషి మంచిరోజులు లేని నెలలు చూసుకుంటుంది. తన ప్రయాణాలన్నీ వాటిల్లోనే.

పల్నాడులో దీనికి తోడు ఇంకో పంచాంగం ఉంది. అది మిర్చి యార్డు. సంక్రాంతి దాటాక కోతలు మొదలై, కల్లాల్లో ఎండి, బస్తాలు గుంటూరు చేరతాయి. ఆ డబ్బు చేతికొచ్చాకే చాలా ఇళ్ళల్లో పెళ్ళి ఖర్చు తేలుతుంది. ధర బాగున్న ఏడాది ‘చేతుల నిండా రావాలి, మెడ నిండా రావాలి’ అంటారు. ధర పడితే ‘సింపుల్‌గా అంచు వరకు చాలమ్మా’ అంటారు. 2025లో ధర ఎంత దిగజారిందంటే, మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకి 11,781 రూపాయలని కేంద్రం ప్రకటించాల్సి వచ్చింది. మిర్చి ధర పడితే ఆ దెబ్బ రైతు దగ్గరే ఆగదు, నరసరావుపేట ముందుగదుల్లోని మగ్గాల దాకా వస్తుంది. పెళ్ళి జాకెట్లనే నమ్ముకోకుండా, నలుగురికీ అందుబాటులో ఉండే వెయ్యి పదిహేను వందల జాకెట్లు కూడా ఒప్పుకునేవాళ్ళు అలాంటి ఏడాదిని గట్టెక్కుతారు. పెళ్ళి జాకెట్టు ఐదువేల నుంచి పదివేలు దాటి పోతుంది, కానీ రోజూ రాదు.

ఇక్కడ ఒక చేదు పోలిక తేక తప్పదు. పేరు దగ్గరగా ఉన్నా ఊరు వేరు: పశ్చిమగోదావరి నరసాపురం. అక్కడి లేసు అల్లికల మీద జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో పుస్తకం తెచ్చారు. ఆ అల్లికా ఇంటిపట్టున చేసేదే, సూది పనే, దాని ముందు ఎవరి పనితనమైనా తలవంచాల్సిందే. సరుకు విదేశాలకి పోయేది. అల్లిన ఆడవాళ్ళకి మాత్రం కూలి గీసి గీసి దక్కేది. కారణం మీస్ విప్పి చెప్పారు. వాళ్ళని పనివాళ్ళుగా కాక ఇంట్లో కూర్చుని పొద్దుపుచ్చే గృహిణులుగా లెక్కకట్టారు. దారం ఇచ్చేవాడూ మధ్యవర్తే, సరుకు తీసుకునేవాడూ మధ్యవర్తే, లాభమూ వాడిదే. అల్లినామెకి కొనేవాళ్ళ ముఖం తెలియదు, ధర తెలియదు. ఇంటిపని చేసేవాళ్ళ కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ నంబరు ఒడంబడిక తెచ్చింది. భారతదేశం దాన్ని ఇంతవరకూ ఆమోదించలేదు.

అంటే గడప దాటకుండా చేసినంత మాత్రాన పనికి స్వేచ్ఛ రాదు. పల్నాడు మగ్గం పనిలో కూడా రెండు రకాలున్నాయి. బొటిక్ వాళ్ళు బట్ట పంపితే చేసి పంపేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి ముక్క లెక్కన కూలి, గడువు బొటిక్‌ది, పేరూ బొటిక్‌దే. నేను మెచ్చుకుంటున్నది రెండో రకాన్ని. కొనేవాళ్ళు నేరుగా ఆమె గడపలోకి వస్తారు. చీర తెచ్చి పరుస్తారు. అంచు రంగు చూసి జరీ ఏదో, పూస ఏదో ఆమే చెబుతుంది. సామాన్లు విజయవాడ వన్‌టౌన్ నుంచో హైదరాబాద్ నుంచో ఆమే తెచ్చుకుంటుంది. ధర ఆమే చెబుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, తేదీ ఆమే చెబుతుంది.

‘‘అక్కా, ఎల్లుండికి ఇచ్చేయవా?’’ అంటే ‘‘కుదరదమ్మా, పదో తారీఖు తరవాతే’’ అనగలగడం చిన్న సంగతేమీ కాదు. నెల జీతం మీద బతికేవాళ్ళలో ఎంతమంది పై అధికారితో ఆ మాట అనగలరు? ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి బయల్దేరినప్పుడు ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగి, సెలవు దొరికితేనే యాత్ర. పదిహేను నెలలు తిరిగి వచ్చి గొప్ప పుస్తకం ఇచ్చారు, అది వేరే మాట. మగ్గం మనిషి సెలవు చీటీ రాయదు. ఆర్డర్ల నోటుపుస్తకంలో రెండు వారాలకి అడ్డంగా గీత గీస్తుంది. ఆ గీత కూడా పనితనంలో భాగమే అంటాను. ఎంత పని ఒప్పుకోవాలి, ఏ పెళ్ళి దాకా లాగాలి, ఎక్కడ ఆపాలి అనే లెక్క తప్పితే ఎంత మంచి సూదైనా మనిషిని మంచం మీంచి మగ్గం మీదికి, మగ్గం మీంచి మంచం మీదికి తిప్పడం తప్ప ఇంకేం చేయదు.

ఆ గీత గీసిన వారాల్లో వాళ్ళెక్కడికి పోతారు? చిన్నవైతే చుట్టుపక్కలే. కోటప్పకొండకి పొద్దున వెళ్ళి సాయంత్రానికి రావచ్చు. శివరాత్రి తిరునాళ్ళలో ప్రభల మధ్య తోసుకునే బదులు, జనం లేని పుష్యమాసంలో ప్రశాంతంగా మెట్లెక్కుతారు. మాచర్ల వైపు వెళ్తే చెన్నకేశవస్వామి గుడి, ఆ పైన చంద్రవంక దూకే ఎత్తిపోతల, విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కితే నాగార్జునకొండ. అక్కడి మ్యూజియంలో ఇక్ష్వాకుల కాలపు సున్నపురాతి పలకలున్నాయి. తామరపూల పతకాలూ, వరస తప్పని అంచులూ చూస్తే సూది పట్టినవాళ్ళకి కాళ్ళు కదలవు. మనం కథ చూస్తాం, వాళ్ళు అంచు చూస్తారు. ఆ అంచు కొన్నాళ్ళకి ఎవరి జాకెట్టు చేతి మీదో తేలుతుంది. ఇంతకన్నా మంచి డిజైన్ పుస్తకం పల్నాడులో ఏముంది?

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్ళకి రాష్ట్రం లోపల ఛార్జీ లేదు. ఇదివరకు జాకెట్టు డబ్బులో కొంత బస్సు ఛార్జీకి పోయేది, ఇప్పుడు మిగులుతోంది. కానీ లగ్జరీ బస్సుకీ, రాష్ట్రం దాటే బస్సుకీ ఆ పథకం పనిచేయదు. అరుణాచలం గిరిప్రదక్షిణకి పోవాలన్నా, కాశీకి పోవాలన్నా సొంత సొమ్మే తీయాలి. నరసరావుపేట గుంటూరు–గుంతకల్లు రైలు దారి మీద ఉంది కనక హుబ్బళ్ళి వైపు పోవడం తేలికే. కాశీ, అయోధ్యలకైతే 2023 మార్చిలో సికింద్రాబాద్ నుంచి మొదలైన భారత్ గౌరవ్ యాత్రా రైళ్ళని విజయవాడలో ఎక్కుతున్నారు. తిండీ బసా అన్నీ రైలువాళ్ళే చూసే ఆ యాత్రకి ఒక పెద్ద పెళ్ళి జాకెట్టు డబ్బు సరిపోదు, రెండు మూడు కావాలి. అందుకే పెళ్ళిళ్ళ కాలంలో వచ్చిన సొమ్ములో ఇంటి ఖర్చు పోగా కొంత పక్కకి తీసి డ్వాక్రా పొదుపులోనో చిట్టీలోనో పెడతారు. మొగుణ్ణి అడగక్కర్లేని డబ్బు అది. వాళ్ళ నోట ఈ మాట ఎప్పుడు విన్నా ఒకే రకం నవ్వుతో వస్తుంది.

అంతా బాగుందని చెప్పబోవడం లేదు. మెడ వంచి కూర్చునే పని, నడుం పట్టేస్తుంది. కళ్ళు ముందే అలుస్తాయి. పగటి వెలుగులో చేయాల్సిన జర్దోసీని తొందర పడి రాత్రి బల్బు కింద చేస్తే ముక్కల కొలత తప్పుతుంది, కళ్ళద్దాల నంబరూ పెరుగుతుంది. కంప్యూటర్ వర్క్ సగం ధరకే, మూడోవంతు సమయంలోనే వచ్చేస్తోంది. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు కూడా. బెంగాల్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు షాపుల్లో జట్టుగా కూర్చుని ఒక్క రోజులో తేల్చే పని ఒంటరి మనిషికి వారం పడుతుంది. వాళ్ళ చేయి కూడా గొప్పదే, ఆ మాట దాచకూడదు. వీటన్నిటికన్నా పెద్ద బెడద దగ్గరివాళ్ళు. ‘‘మనింటి పిల్లే కదా, డబ్బులేంది?’’ అనే పిన్నిలు, ‘‘పెళ్ళయ్యాక ఇస్తాలే’’ అనే వదినలు. సూదికి బిగువు ఎంత అవసరమో మాటకీ అంతే అవసరం ఇక్కడ. బట్ట తీసుకునేటప్పుడే సగం డబ్బు పుచ్చుకునే అలవాటు చేసుకున్నవాళ్ళు ప్రయాణాలకి వెళ్తున్నారు. మొహమాటపడ్డవాళ్ళు ఇంకా బాకీలు రాసుకుంటున్నారు.

ఈ పని నేర్చుకుంటామని వచ్చే ఆడపిల్లలకి చాలాచోట్ల నెలరోజుల్లో పది రకాల కుట్లు చూపించి పంపేస్తున్నారు. కుట్లు వస్తాయి. వెల కట్టడం, తేదీ చెప్పడం, కాదనడం రావు. నరసరావుపేట చేతుల్లో నాకు నచ్చింది ఈ రెండూ కలిసి ఉండటం. జరీ గొలుసులో వంపుకి కుట్టు ఎంత పొట్టి చేయాలో తెలిసిన మనిషికే ఏ ఆర్డరు వదులుకోవాలో కూడా తెలుసు. నేను చూసిన మంచి జాకెట్లన్నీ తొందర లేని జాకెట్లే. తేదీ తన చేతిలో ఉన్న మనిషి చేసినవి. పెళ్ళివాళ్ళ తొందరకి లొంగి రాత్రిళ్ళు చేసినవాటిని వెనక్కి తిప్పితే దారాలు అడ్డదిడ్డంగా పువ్వు నుంచి పువ్వుకి పాకి ఉంటాయి.

కాబట్టి జాకెట్టు చేయించుకోబోయేవాళ్ళకి నాలుగు మాటలు. ముహూర్తం పెట్టుకున్న రోజే బట్ట ఇచ్చేయండి, పెళ్ళికి వారం ముందు కాదు. సగం డబ్బు ముందే ఇవ్వండి, మిగతా సగం జాకెట్టు చేతికొచ్చినప్పుడే ఇవ్వండి. లైనింగు వేయకముందు ఒకసారి తిరగేసి చూస్తానని అడగండి, ఆమె సంతోషంగా చూపిస్తుంది. ఆషాఢంలో వెళ్ళేటట్టయితే ముందు ఫోన్ చేసుకుని వెళ్ళండి, ఆమె ఊళ్ళో ఉండకపోవచ్చు.